ఇవాళ్టి కొలత

పేర్రాజు మాస్టారింటి కారు షెడ్డులో కారన్నది ఏనాడూ నిలబడలేదు. కాకినాడలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే ఆ పెద్దమనిషి, కారు కొంటానని షెడ్డు కట్టించి, తీరా డబ్బు చేతికొచ్చేసరికి సీఎన్‌సీ మిషను కొనుక్కొచ్చాడు. కంప్యూటర్లో గీసిన బొమ్మ ఫైలు ఇస్తే, గిర్రున తిరిగే సన్నటి కత్తితో అచ్చం అలాంటి బొమ్మనే చెక్కలోంచి తీసి బయటపెట్టే యంత్రం అది. మొదటి ఏడాదంతా మాస్టారు వీధిలో వాళ్లందరికీ నేమ్ బోర్డులు చెక్కిపెట్టాడు. వద్దన్నవాళ్లకి కూడా చెక్కిపెట్టాడు. "మనింటికి మాత్రం బోర్డు అక్కర్లేదండీ, ఆ మిషను రొదకి మనిల్లు ఊరందరికీ తెలిసిపోయింది" అనేది ఆయన భార్య ఛాయాదేవి.

అలాంటి ఛాయాదేవే ఒక ఆదివారం పొద్దున్న, తడిగుడ్డలో చుట్టిన చెక్కదిమ్మని చంటిపిల్లలా ఎత్తుకొచ్చి మిషను పక్కన దింపింది.

"ఏవండీ, దీంట్లోంచి ఒక కాలు చెక్కాలి."

"కాలా? కుర్చీకా, మంచానికా?"

"కుందనకి."

ఛాయాదేవి సామర్లకోట రోడ్డులో ఉన్న మొక్కల పరిశోధన ల్యాబులో పనిచేస్తుంది. జుట్టు నెరిసేదాకా ఆమె పట్టుకు వేలాడిన పని ఒక్కటే. కోసేసిన తర్వాత కూడా చచ్చిపోని చెక్క. ల్యాబులో దానికి నోరు తిరగని పేరొకటి ఉంది గానీ ఇంట్లో మాత్రం అది బతుకుచెక్క. మామూలు చెక్క కోసిన రోజునే ఎదగడం మానేస్తుంది. ఇది మానదు. పైగా దీనికో విచిత్రమైన గుణం ఉంది. వెచ్చటి ఒళ్లు ఎక్కడ తాకుతుందో తెలుసుకుని, ఆ ఒంటితో పాటు మెల్లిగా తనూ ఎదుగుతుంది. రోజూ సాయంత్రం కాసేపు గంజిలో నానబెడితే చాలు, దానికి వేరే తిండి అక్కర్లేదు. తొడుక్కోకుండా నాలుగు రోజులు మూలన పడేస్తే మాత్రం ఎండి కట్టెపుల్లైపోతుంది.

పదేళ్ల కుందనకి పుట్టుకతోనే ఎడమ పాదం లేదు. వాళ్లమ్మ మంగతాయారు గాంధీనగరంలో టైలరు, ఛాయాదేవి జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. ప్లాస్టిక్ పాదం చేయించిన ప్రతిసారీ అది చేతికొచ్చేలోపే పిల్ల ఎదిగిపోయేది. ఏడాదిలో సగం రోజులు బిగుతైన పాదంతో కుంటడం, మిగతా సగం కొత్తదాని కోసం ఎదురుచూడటం. పిల్లతో పాటే ఎదిగే పాదం ఉంటే ఈ బాధ ఉండదు కదా అని ఛాయాదేవికి తట్టిన రోజున ఆమెకి అన్నం సయించలేదు.

"ఇలాంటి దిమ్మలు మూడే ఉన్నాయండీ," అంది. "ఒక్కోటి తొట్టెలో పెరగడానికి ఏడాది పడుతుంది. మూడిట్లో ఒక్కటైనా పనిచెయ్యకపోతే తొట్టెలన్నీ తీసెయ్యమన్నాడు మా డైరెక్టరు. ఇక నేను నమ్ముకున్నది మీ మిషన్నే."

పేర్రాజు మిషను మీద చెయ్యి వేసి, "నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు. ఆ మాట అన్న ప్రతిసారీ ఏదో ఒకటి జరుగుతుందని ఛాయాదేవికి తెలుసు.

జరగనే జరిగింది. కాళ్లు అమర్చే సెంటర్లో బాలయోగి అనే కుర్రాడు కుందన కాలిని స్కాన్ చేసి ఫైలు పంపాడు. ఛాయాదేవి దానికి తగ్గట్టు పాదం, పాదం పైన కాలి చివర కూర్చునే గిన్నెలాంటి గుంట గీసిచ్చింది. పేర్రాజు ఆ ఫైలు తెరిచేసరికి కంప్యూటర్ తెర నిండా ఒక బొటనవేలి గోరు తప్ప ఇంకేమీ కనిపించలేదు. వెనక్కి, ఇంకా వెనక్కి జరిపి చూస్తే తేలిందేమంటే, ఆ పాదం చెక్కాలంటే షెడ్డు గోడలు పడగొట్టాలి.

"ఇది కుందన కాలా, కుంభకర్ణుడి కాలా?" అన్నాడు ఫోన్లో.

"ఆయ్, అదా గురువుగారూ," అన్నాడు బాలయోగి తాపీగా. "ఆ ఫైల్లో అంకెలుంటాయి గానీ అవి మిల్లీమీటర్లో అంగుళాలో రాసుండదండి. మీ కంప్యూటరు అంగుళాలనుకుంది. మా స్కానరు కూడా సైజు కాస్త అటూ ఇటూ చెప్తుందండి. అసలైన కొలత ఒక్కటి ఇచ్చారంటే, దాని లెక్కన మొత్తం సరిచేసి పంపేస్తానండి."

అసలైన కొలత ఇవ్వడానికి టైలరు కంటే తగినవాళ్లెవరు? మంగతాయారు కూతురి కాలి చివర చుట్టుకొలత తీసి చెప్పింది, బాలయోగి ఫైలు సరిచేసి పంపాడు, పేర్రాజు చెక్కాడు. తేనెరంగులో నున్నగా వచ్చిన పాదాన్ని కుందన తొడుక్కుని షెడ్డులో అటూ ఇటూ నడిచింది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుందండి," అంది కుందన.

నెల తిరక్కుండానే ఆ గిన్నెలో ఒక పక్క కందగడ్డలా బుడిపెలు లేచాయి. పిల్ల కాలి మీద బొబ్బలెక్కాయి. బుడిపెలు చెక్కేస్తే మరో పక్క లేచాయి. చివరికి తీసి పక్కన పెట్టక తప్పలేదు, అది నాలుగు రోజుల్లో ఎండిపోయింది. మొదటి దిమ్మ అలా పోయింది.

పేర్రాజుకి పట్టుదల వచ్చింది. గిన్నె వదులుగా ఉండి ఉంటుందని అనుమానించి మిషను సెట్టింగులన్నీ తవ్వడం మొదలుపెట్టాడు. ఇక్కడ కత్తి సంగతి కాస్త చెప్పుకోవాలి. తిరిగే కత్తికి తనదంటూ ఒక మందం ఉంటుంది. గుంట చెక్కేటప్పుడు అది సరిగ్గా గీత మీద నడిస్తే, సగం మందం గీత దాటి గుంట పెద్దదైపోతుంది. అందుకని ఆ సగం మందం మేరకి లోపలికి జరిగి నడవమని ముందే చెప్పాలి. ఆ జరుగుడునే ఆఫ్‌సెట్ అంటారు. పేర్రాజు చూసేసరికి ఏముంది, ఫైలు తెరిచినప్పుడల్లా కంప్యూటరు కత్తిని దాని అసలు మందం కంటే పల్చనిదని లెక్కేసుకుంటోంది.

"దొరికింది దొంగ!" అని కేకేశాడు. ఛాయాదేవి చేతిలో పప్పుగరిటెతో పరిగెత్తుకొచ్చింది. కత్తి మందం సరిచేసి, మామిడి చెక్క మీద ఒకసారి చెక్కి కొలిచి, సంబరంగా రెండో దిమ్మ బిగించాడు.

రెండో పాదం కూడా కుందన తొడుక్కుంది. "బాగుందండి" అంది. దానికీ బుడిపెలు లేచాయి.

ఆ రోజుల్లో వాళ్లింట్లో మాటలు తగ్గిపోయాయి. పేర్రాజు క్లాసులో బోర్డు మీద వృత్తం గీసి, చుట్టూ ఇంకో వృత్తం గీసి, దాన్నే చూస్తూ నిలబడిపోయేవాడు. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకునేవాళ్లు. తను నేమ్ బోర్డులు పాడుచేసిన సందర్భాలున్నాయి, వాటికి నవ్వుకుని ఊరుకునేవాడు. ఇది అలా కాదు. ఒక పిల్ల కాలి మీద తన మిషను వల్ల బొబ్బలెక్కాయి. అది తల్చుకుంటే ఆయనకి ముద్ద దిగేది కాదు. ఛాయాదేవి ల్యాబులో మిగిలిన ఆ ఒక్క దిమ్మని వెళ్లి చూసి వచ్చేది. దాన్ని చూస్తే ధైర్యం రావాలి గానీ, రోజురోజుకీ భయమే ఎక్కువైంది.

చివరికి పేర్రాజు ఒక నిర్ణయానికొచ్చాడు. దిమ్మ ముట్టుకునే ముందు తప్పు మిషనుదో కాదో తేల్చాలి. రెండో పాదం చెక్కిన ఫైలునే, ఆ సెట్టింగులతోనే, మామిడి చెక్కలో చెక్కాడు. మందం కొలిచే వెర్నియర్ పట్టుకుని గుంట చుట్టూ కొలిచాడు. మిషనుకి ఏం చెప్పాడో అదే చెక్కింది, కొంచెం కూడా తేడా లేదు. అంటే మిషను తప్పు కాదు. దానికి చెప్పిన మాటే తప్పు.

ఆ సాయంత్రం మంగతాయారునీ కుందననీ పిలిపించాడు. "అమ్మా, మొదట్నుంచీ మొదలుపెడదాం. ఆ రోజు ఎలా కొలిచావో అలాగే ఇంకోసారి కొలువు."

మంగతాయారు మెడలో వేలాడుతున్న టేపు తీసి కూతురి కాలి చివర చుట్టూ వేసింది. వేసి, టేపుకీ కాలికీ మధ్య చూపుడువేలు దూర్చి, అప్పుడు అంకె చదివింది.

"ఆ వేలెందుకమ్మా అక్కడ?" అన్నాడు పేర్రాజు.

"ఏ వేలండీ?" అంది మంగతాయారు. నిజంగానే ఆమెకి తెలీదు. కిందికి చూసుకుని, "ఓ, ఇదా! లూజుకండి మాస్టారూ. వేలు పెట్టకుండా కొలిస్తే జాకెట్టులో ఊపిరాడద్దుటండీ? పైగా ఎదిగే పిల్లాయె" అంది.

పేర్రాజు గబగబా బాలయోగికి ఫోన్ కలిపి స్పీకర్ నొక్కాడు. "నాయనా, మంగతాయారు గారు చెప్పిన అంకె ఉన్నదున్నట్టే వేశావా?"

"ఉన్నదున్నట్టే వేశానండి, ఆయ్. దాని మీద ఒక్క పిసరు పెంచానండి, అంతే. ఎదిగే పిల్ల కదండీ."

ఫోన్ పెట్టేసి పేర్రాజు ఛాతీ విరుచుకున్నాడు. "చూశావా ఛాయా! నా మిషన్ని ఆడిపోసుకున్నావు. ఒకళ్లేమో వేలు దూరుస్తారు, ఒకళ్లేమో పిసరు పెంచుతారు. కొలతంటే కొలతలా ఉండాలి. మా క్లాసులో ఇలాంటి లెక్క చేస్తే సున్నా వేస్తాను."

ఛాయాదేవి ఏమీ అనలేదు. మామూలుగా ఇలాంటప్పుడు ఊరుకునే మనిషి కాదు. పేర్రాజుకి అనుమానం వచ్చింది.

"నువ్వు గానీ..."

"డిజైన్లో చుట్టూ పల్చగా కాస్త ఖాళీ వదిలాను," అంది ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ. "ఎదగడానికి చోటుండాలి కదా అని."

"నువ్వూనా! సైంటిస్టువి!"

"మరి మాస్టారో?" అంది కుందన. బల్ల మీద కూర్చుని ఇంతసేపూ అందర్నీ మార్చి మార్చి చూస్తున్న పిల్ల, కంప్యూటర్ తెర వైపు వేలు చూపించింది. "అక్కడ కత్తి మందం రాసుంది. దాంట్లో సగం పక్క గళ్లో ఉండాలని మొన్న మీరే నాకు చెప్పారు కదా. అక్కడున్నది సగం కాదు. తక్కువుంది."

పేర్రాజు తెర మీదికి వంగాడు. కత్తి మందం సరిచేసిన మాట నిజమే. జరగాల్సిన దూరంలోంచి వెంట్రుకవాసి తగ్గించిన మాట కూడా నిజమే. రెండుసార్లూ తగ్గించాడు. తగ్గిస్తే గుంట ఆ మేరకి వెడల్పవుతుంది.

"ఎందుకండీ?" అంది ఛాయాదేవి.

"ఎదిగే పిల్ల కదా అని," అన్నాడు మాస్టారు, నేల చూపులు చూస్తూ.

ముందు నవ్వింది మంగతాయారు. ఆ తర్వాత ఛాయాదేవి. ఇక ఆపుకోవడం పేర్రాజు వల్ల కూడా కాలేదు. నలుగురు పెద్దవాళ్లు, ఒకళ్లకి తెలీకుండా ఒకళ్లు, ఆ చిన్న కాలికి తలా కాస్త చోటు వదిలారు. అందరిదీ కలిపితే ఆ గిన్నెలో పిల్ల కాలితో పాటు పనసతొన కూడా పట్టేటట్టుంది.

కుందన నవ్వలేదు.

"నా గౌన్లన్నీ వచ్చే ఏడాదివే," అంది. "చెప్పులు కూడా వచ్చే ఏడాదివే, ముందు గుడ్డ కుక్కుకోవాలి. సరిపోయేసరికి అవి పాతవైపోతాయి. అప్పుడు మళ్లీ వచ్చే ఏడాదివి కొంటారు. నాకు ఇవాళ్టివి ఎప్పుడూ లేవు."

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి.

"మరి వదులుగా ఉందని చెప్పలేదేమమ్మా?" అన్నాడు పేర్రాజు. "రెండుసార్లూ బాగుందన్నావు కదా."

"మీరందరూ అంత కష్టపడి చేశారు కదండీ," అంది కుందన.

మంగతాయారు కూతుర్ని దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి వేసింది. ఆమె కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఊరందరికీ ఒంటికి అతికినట్టు కుట్టిపెట్టే తను, కన్నకూతురికి ఒక్కసారి కూడా అలా కుట్టలేదు. అది ప్రేమేననుకుంది. ప్రేమే, కాదని ఎవరంటారు? కానీ పిల్ల కాలి మీద బొబ్బలెక్కించింది కూడా అదే.

ఛాయాదేవి లేచి, ఎండిపోయిన రెండో పాదాన్ని తెచ్చి గిన్నెలోకి వేలు పెట్టి తడిమింది. "ఇదుగో చూడండి. కాలు ఆనిన చోట నున్నగా ఉంది. ఆనని చోటే బుడిపెలు లేచాయి. ఇది చోటు దొరికితే ఎదిగేది కాదు, ఒళ్లు తాకితే ఎదిగేది. తాకనప్పుడు వెతుక్కుంటూ పోయింది పాపం. ఆ సంగతి కనిపెట్టినదాన్నీ నేనే, మర్చిపోయినదాన్నీ నేనే." చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో వెలుగొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మూడో దిమ్మ వచ్చింది. అదే ఆఖరిది. ఇది గనక పాడైతే కుందనకి మళ్లీ ప్లాస్టిక్ పాదమే, ఛాయాదేవి తొట్టెలన్నీ ఖాళీయే. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు.

మంగతాయారు కొలవడానికి కూర్చుంది. టేపు వేసింది. వేలు తనంతట తానే దూరింది. "అయ్యో" అని తీసింది. మళ్లీ వేస్తే మళ్లీ దూరింది. ఇన్నేళ్ల అలవాటు ఒక్క పూటలో ఎక్కడికి పోతుంది? కుందన చూసి చూసి, వాళ్లమ్మ చూపుడువేలిని తన గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు చూడమ్మా," అంది.

మంగతాయారు మిగిలిన వేళ్లతో టేపు సర్ది అంకె చదివింది. ఆ అంకె చూసి ఆమె బిత్తరపోయింది. తన కూతురి కాలు అంత సన్ననిదని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

బాలయోగి ఫైలు పంపి వెంటనే ఫోన్ చేశాడు. "ఏమీ కలపలేదండి. ఒట్టండి." ఛాయాదేవి డిజైన్లో వదిలిన ఖాళీని చెరిపేసింది. పేర్రాజు కత్తిని వెర్నియర్‌తో మళ్లీ కొలిచి, మందంలో సరిగ్గా సగం పక్క గళ్లో కొట్టాడు. కొట్టాక ఆయన వేలు మీటల మీద ఇంకా ఆడుతూనే ఉంది.

"మాస్టారూ," అంది కుందన.

"ఏమీ చెయ్యట్లేదమ్మా, ఊరికే చూస్తున్నాను," అని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

కత్తి ఎక్కడ మొదలుపెట్టాలో మిషనుకి చూపించడానికి ఒక పద్ధతుంది. దిమ్మ మీద కాగితం ముక్క పరిచి, కత్తిని కొంచెం కొంచెంగా దించుతూ, కాగితం లాగితే పట్టేసినట్టయ్యాక ఆపాలి. పేర్రాజు అలాగే ఆపి, అదే మొదలని నొక్కబోయాడు.

"కాగితం మందం తియ్యరా?" అంది కుందన.

ఇన్నేళ్లలో నేమ్ బోర్డుల మీద ఆ మందం ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. ఈసారి కాగితం మందం కూడా కొలిచి తీసేశాడు. అప్పుడు మీట నొక్కాడు.

మిషను రొద మొదలైంది. కత్తి వెనకే ఛాయాదేవి గంజినీళ్లు చిలకరిస్తూ కదిలింది. షెడ్డంతా పచ్చి చింతకాయ కోసినట్టు పుల్లటి వాసన నిండింది. మంగతాయారు మిషను వంక చూడలేక గోడ వైపు తిరిగి నిలబడింది. పేర్రాజు ఆపే బటన్ మీద వేలు పెట్టుకుని, రెప్ప వెయ్యడం కూడా మర్చిపోయి చూశాడు. ఎండ షెడ్డు దాటి అరుగెక్కే వేళకి మిషను ఆగింది. పేర్రాజు చెక్కపొడంతా ఊదేసి, తడిగుడ్డతో తుడిచి, పాదాన్ని కుందన చేతుల్లో పెట్టాడు.

కుందన కూర్చుని కాలు లోపలికి పెట్టింది. సగం దాకా వెళ్లి ఆగింది. కుందన కాలు కాస్త తిప్పి, మెల్లిగా తోసింది. పాదం పూర్తిగా కూర్చుంది. ఆ పిల్ల లేచి నిలబడింది. ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. ఆగి కళ్లు మూసుకుంది.

ఈసారి ఎలా ఉందని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఛాయాదేవి చివరికి, "నిజం చెప్పాలమ్మా, మేమేం అనుకోం" అంది.

"బిగుతుగా ఉంది," అంది కుందన.

పేర్రాజు అక్కడే ఉన్న పెట్టె మీద కూలబడ్డాడు.

"ఉండండి," అంది కుందన, కళ్లు తెరవకుండానే. "బిగుతంటే నొప్పి కాదు. పట్టుకుంది. రోడ్డు దాటేటప్పుడు అమ్మ పట్టుకున్నట్టు." అని చిన్నగా నవ్వి, షెడ్డులోంచి బయటికి, బయట్నుంచి వీధిలోకి నడిచి వెళ్లిపోయింది. "పది అడుగులే!" అని ఛాయాదేవి వెనక నుంచి అరిచింది గానీ ఆ పిల్ల వినిపించుకుంటే కదా.

ఆ గిన్నెలో బుడిపె లేవలేదు. నెల గడిచింది, వర్షాలు వచ్చాయి, బడులు తెరిచారు. కుందన రోజూ సాయంత్రం పాదాన్ని గంజిగిన్నెలో పెట్టుకుని హోంవర్కు చేసుకునేది. ఛాయాదేవి వారం వారం వచ్చి కొలిచేది. పిల్ల కుడి పాదం ఎంత పెరిగితే, వెనకే ఎడమ పాదం కూడా అంత పెరిగేది. ఒకటి రెండుసార్లు చెక్కపాదమే ముందుగా పెరిగితే, తర్వాత కుడి పాదం దాన్ని అందుకుంది. డైరెక్టరు స్వయంగా వచ్చి చూసి, కొత్త తొట్టెలు పెట్టమన్నాడు. ఆ కొత్త దిమ్మల కోసం ఇంకో ఊళ్లో ఇద్దరు పిల్లలు ఎదురుచూస్తున్నారు. వాళ్ల కొలతలకి మంగతాయారునే తీసుకెళ్తానని ఛాయాదేవి ఇప్పుడే చెప్పి పెట్టింది.

బడి తెరిచిన వారానికి పేర్రాజు తల్లీకూతుళ్లని మెయిన్ రోడ్డులో చెప్పుల షాపుకి తీసుకెళ్లాడు. కుందనకి రెండు కాళ్లకీ ఒకే సైజు బూట్లు కొనడం అదే మొదటిసారి. షాపతను రెండు పాదాలూ చూశాడు, తేనెరంగు దాన్ని కాస్త ఎక్కువసేపు చూశాడు, మర్యాదగా ఏమీ అడగలేదు. నల్లబూట్లు తెచ్చి తొడిగి, ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూసి, పెదవి విరిచాడు.

"సరిగ్గా సరిపోయిందమ్మా. ఇలా తీసుకుంటే లాభం లేదు, నాలుగు నెలల్లో పట్టవు. ఎదిగే పిల్ల కదా, రెండు సైజులు పెద్దది తీస్తాను, ఉండండి," అని నిచ్చెన ఎక్కబోయాడు.

పేర్రాజు మంగతాయారు వంక చూశాడు. ఆమె పర్సు మీద చెయ్యి బిగించి, కూతురి కాళ్ల వంకే చూస్తోంది. నాలుగు నెలలకోసారి బూట్లంటే ఆమె ఎన్ని జాకెట్లు కుట్టాలో ఆమెకి తెలుసు. ఏ పాదమిచ్చినా బాగుందండి అనే కుందన, వాళ్లమ్మ మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"వద్దండీ," అంది మంగతాయారు. "ఇవే ఇచ్చెయ్యండి."

"నాలుగు నెలలేనమ్మా!"

"ఎదగనివ్వండి," అంది మంగతాయారు. "అప్పుడు మళ్లీ వస్తాం."